గట్టు దాటిన నీరు ఎవరిది?

చెరువు అనే మాటకు ఇప్పుడు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి పాతది. ఊరికి ఎగువన వాన నీటిని ఆపి కింద పొలాలకు వదిలే చెరువు. అందులో పశువులు దిగుతాయి, ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు, పిల్లలు ఈదుతారు, ఎండాకాలం నీళ్లు అడుగంటాక ఊరంతా దిగి చేపలు పట్టుకుంటుంది. రెండో అర్థం కృష్ణా, గోదావరి డెల్టాలో గత యాభై ఏళ్లలో పుట్టింది. అక్కడ "ఫలానా ఆయనకు పది చెరువులున్నాయి" అంటే చేపల చెరువులని. నాలుగు వైపులా గట్టు, ఒక మూల మోటారు, ఇంకో మూల తూము, గట్టు మీద కావలి గుడిసె. మొదటి చెరువు ఊరిది, రెండోది ఒకరిది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఈ రెండో రకం చెరువు ఇప్పుడు మన ఏజెన్సీ గూడేల దాకా వస్తోంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చెరువు తవ్వుకోవడానికి, చేప పిల్లలకు, మేతకు సాయం చేస్తారు. మామూలు వాళ్లకు యూనిట్ ఖర్చులో 40 శాతం సబ్సిడీ అయితే ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. డిగ్రీ చదివి ఉద్యోగం రాక ఇంటి దగ్గరున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ఒక దారి. అందుకే బడిలోనూ, సంతలోనూ ఈ మాట తరచు వినపడుతోంది: చేపల పెంపకం నీళ్లను, నేలను పాడు చేస్తుందంటున్నారు కదా, మన పిల్లలను ఆ పనిలోకి పంపడం సబబేనా?

చేపను పెంచడం తప్పని నేను అనను. అడవి తగ్గి, వేట పోయి, మన పిల్లల కంచాల్లో మాంసం అరుదైపోయింది. వారానికి రెండుసార్లు చేప దొరికితే అది మందు కంటే మేలు. ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉంది. ఆ చేప ఎన్నో రాష్ట్రాల్లో పేదవాడి కూరగిన్నెలోకి చేరుతోంది. దాన్ని కాదనడం కడుపు నిండినవాడి మాట అవుతుంది. నా ప్రశ్న వేరు. ఒకే చెరువులోంచి రెండు సరుకులు బయటికి వస్తాయి. ఒకటి వలలో వస్తుంది, ఇంకోటి తూములోంచి వస్తుంది. వలలో వచ్చింది నాది అన్నవాడు తూములోంచి వచ్చింది ఎవరిది అంటాడు?

ముందు తూములోంచి ఏం వస్తుందో చూద్దాం. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని నల్లబల్ల మీద లెక్కగా చేయించవచ్చు. ఒక టన్ను చేపను పెంచడానికి 2 టన్నుల గుళికల మేత వాడారనుకోండి. ఆ మేతలో మాంసకృత్తులు 28 శాతం అనుకుంటే మొత్తం 560 కిలోలు. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. అంటే చెరువులోకి దాదాపు 90 కిలోల నత్రజని దిగింది. ఒక టన్ను చేపను బయటికి తీసినప్పుడు దాని ఒంట్లో ఉండేది సుమారు 26 కిలోలు. మిగతా 64 కిలోలు ఎక్కడికి పోయాయి? 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది: టన్ను చేప పెంచితే సుమారు మూడు బస్తాల యూరియాకు సమానమైన నత్రజని చేప ఒంటికి పట్టకుండా మిగిలిపోతుంది. కొంత అడుగు బురదలో దిగుతుంది, కొంత వాయువై పైకి పోతుంది, మిగతాది నీళ్లలో కలుస్తుంది. భాస్వరం సంగతీ ఇంతే. దీనికి తోడు చేపలు తినని మేత, వాటి మలం, పైనుంచి వేసిన పేడ, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్.

ఈ సత్తువ అంతా నీళ్లలో ఉంటే నాచు పెరుగుతుంది. నీరు ముందు లేత పచ్చగా, తర్వాత చిక్కగా మారుతుంది. పగలు ఆ నాచే ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి కొట్టుకోవడం పెంపకందారులందరికీ తెలిసిన భయం. చెరువులో అలా జరిగితే యజమాని పరుగెత్తి మోటారు వేస్తాడు, ఏరేటర్లు తిప్పుతాడు. అదే నీరు తూములోంచి వాగులోకి పోయి అక్కడి చేపలు అలా నోళ్లు తెరిస్తే ఎవరు పరుగెత్తుతారు? ఆ చేపలకు యజమాని లేడు. అవి అందరివీ. అందరివీ అయినందుకే వాటి కోసం లేచే మనిషి లేడు.

లాభం గట్టు లోపల, మురికి గట్టు బయట. దీన్ని దొంగతనం అనం, ఎందుకంటే ఎవరూ ఎవరి జేబులోంచీ తీయలేదు. కానీ మన గూడెంలో ఒక ఇంటివాళ్లు వాకిలి ఊడ్చి ఆ చెత్తను పక్కింటి పెరట్లో పోస్తే పెద్దలు ఊరుకుంటారా? "నా వాకిలి శుభ్రంగా ఉంది చూడండి" అంటే ఒప్పుకుంటారా? చేపల చెరువు విషయానికి వచ్చేసరికి అదే పనికి పెట్టుబడి అనీ, పరిశ్రమ అనీ పేర్లు పెట్టుకున్నాం.

దీని ఫలితం పెద్ద ఎత్తున చూడాలంటే కొల్లేరు వైపు చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు లాంటివి అందులోకి దిగుతాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. తమ్మిలేరు ఖమ్మం వైపు మెట్ట నేలల్లో పుట్టి చింతలపూడి మీదుగా ఏలూరు దాటి కొల్లేట్లో కలుస్తుంది. అందుకని కొల్లేరు మనకు సంబంధం లేని ఊరు కాదు. ఎగువన పడిన వాన అక్కడికే పోతుంది.

1970ల్లో ప్రభుత్వం కొల్లేట్లోని పేద మత్స్యకారులకు సొసైటీలు పెట్టి చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చెరువు నడపాలంటే మేత కావాలి, డీజిల్ కావాలి, ఏడాది పాటు తిండికి ఆగగల ఓపిక కావాలి. అవి లేనివాళ్లు చెరువులను డబ్బున్నవాళ్లకు లీజుకు ఇచ్చారు. క్రమంగా పేరు పేదవాడిది, చేప పెద్దవాడిది అయింది. ఆ తర్వాత గట్లు సరస్సు కడుపులోకి పాకాయి. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. గట్లు మాత్రం ఆగలేదు. 2006లో యంత్రాలు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి వేల ఎకరాల చెరువుల గట్లను కొట్టేశారు. తర్వాత చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి.

ఈ కథను సాధారణంగా పక్షులకూ మనుషులకూ మధ్య తగాదాలా చెబుతారు. గూడబాతులు కావాలా, చేపల రైతులు కావాలా అని. నాకు ఆ లెక్క నచ్చదు. కొల్లేట్లో ముందు నుంచి మనుషులున్నారు. ఊత వేసి, మావు పెట్టి, వల విసిరి బతికారు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, గొరక, బొమ్మిడాయి, వాలుగ వాళ్లకు దొరికేవి. ఆ చేపలకు ఎవరూ మేత కొనలేదు. గట్లు వచ్చాక బొచ్చె, శీలావతి, ఆ తర్వాత పంగస్, రూప్‌చంద్ లారీల్లో వెళ్లాయి. సొంత చెరువు లేనివాడికి ఒకప్పుడు సరస్సంతా చెరువే. అది పోయింది. పోయిందన్న సంగతి ఏ ఖాతా పుస్తకంలోనూ నష్టంగా రాసుకోలేదు. ఊరంతా వాడుకునే నీటికి జరిగే నష్టం ఇలాగే ఉంటుంది. ఎవరి పేరు మీదా ఉండదు, అందుకని ఎవరికీ నష్టపరిహారం రాదు.

ఇక్కడ మన యానాది సోదరుల మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆంధ్రప్రదేశ్‌లో అయిదు లక్షలకు పైగా ఉన్న పెద్ద గిరిజన జాతి వాళ్లది. కొండల్లో కాదు, తీరంలో, డెల్టాలో, పులికాట్ ఒడ్డున ఉంటారు. కాలువల్లో దిగి చేతులతో తడిమి చేపను పట్టగల నేర్పు వాళ్లది. బ్రిటిష్ కాలంలో నేరస్థ తెగల చట్టం కింద వాళ్లలో కొన్ని సమూహాలను పుట్టుకతోనే దొంగలని రాశారు. నెల్లూరు జిల్లాలో వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ల పక్షాన చాలా కాలం పని చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఇవాళ నెల్లూరు నుంచి గోదావరి దాకా చేపల చెరువులు, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండేవాళ్లలో యానాదులు ఎంతోమంది. దొంగలని రాసినవాళ్లనే దొంగలు రాకుండా చూడమని గట్టు మీద కూర్చోబెట్టారు. భార్య, పిల్లలతో సహా రాత్రీ పగలూ అక్కడే. ముందుగా కొంత అప్పు ఇస్తారు. అది తీరదు. తీరేదాకా కదలడానికి లేదు. పిల్లలకు బడి దూరం. చెరువుకు నాలుగు వైపులా నీళ్లే ఉన్నా తాగే నీళ్లు మాత్రం క్యానులో రావాలి.

ఒక మనిషి తన తాతల నాటి కాలువ పాడవడానికి కారణమైన చెరువుకే కావలి కాయవలసి వస్తే, ఆ మనిషిని "పర్యావరణం పాడు చేసే పనిలో ఎందుకున్నావు" అని అడిగే హక్కు ఎవరికుంది? పర్యావరణం గురించి మాట్లాడే చాలామంది ఈ ప్రశ్న దగ్గర తడబడతారు.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. తీర నియంత్రణ పరిధిలో కట్టిన రొయ్యల చెరువులను తొలగించమనీ, చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపు కూడా ఉండకూడదనీ, పాడు చేసినవాడే బాగు చేసే ఖర్చు భరించాలనీ చెప్పింది. పని పోయే కూలీలకు మామూలు పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం అదనంగా ఇవ్వమంది. చదివితే కళ్లు చెమర్చే మాట. కానీ దానికి ఒక షరతు ఉంది: కనీసం ఏడాది నిరంతరంగా పని చేసి ఉండాలి. హాజరు పట్టీలో పేరు లేని కావలివాడు తాను ఏడాది పని చేశానని దేనితో రుజువు చేస్తాడు? గట్టు మీది గుడిసెతోనా? తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. రిజిస్ట్రేషన్ ఉన్న చెరువులు నియమాలకు లోబడి నడవవచ్చని దారి ఇచ్చింది. నియమాల్లో మంచివి ఉన్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి యాంటీబయాటిక్ మందులు వాడకూడదు. అయిదు హెక్టార్లు దాటిన చెరువులకు మురుగు నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి. రొయ్య విదేశాలకు పోతుంది కాబట్టి మందు వాడితే కంటైనర్ వెనక్కి వస్తుందనే భయం ఒకటి పని చేస్తుంది. వాగులోకి వదిలిన నీటిని మాత్రం ఏ దేశమూ వెనక్కి పంపదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చదువుకున్న మన కుర్రాళ్లలో కొందరు నిలదీసి అడిగే మాట ఇది: "డెల్టా వాళ్లు నలభై ఏళ్లు ఇష్టమొచ్చినట్టు చేసి మేడలు కట్టారు. మనకు ఇప్పుడిప్పుడే అర ఎకరం గుంట దక్కుతోంది. ఇప్పుడు మనకు నీతులా?" ఈ కోపంలో న్యాయం ఉంది. వంద ఎకరాల యజమానికీ, అర ఎకరం గుంట ఉన్న కోయ కుర్రాడికీ ఒకే బరువు పెట్టడం న్యాయం కాదు. పాడు చేసినంత మేరకే బాధ్యత ఉండాలి. చట్టాన్ని కూడా ముందు పెద్ద గట్ల మీదే ప్రయోగించాలి.

అయితే రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒకే వాగు పొడవునా వంద మంది అర ఎకరం గుంటలు తవ్వితే అది యాభై ఎకరాల చెరువు. ఇంకోటి, డెల్టా కాలువలో నీళ్లు ఎక్కువ. మన కొండవాగు మార్చి వచ్చేసరికి కాలి బొటనవేలంత ధార అవుతుంది. దాని పక్కన ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకుని తాగుతాం. ఎగువన చిన్న గుంట ఖాళీ చేసినా ఆ నీరు నేరుగా చెలమలోకి, బిందెలోకి వస్తుంది. చిన్న గుంట కాబట్టి చిన్న నష్టం అనుకోవడం వాగు సైజు చూడకుండా వేసే లెక్క. పైగా మన గుంట దిగువన ఉండేది ఎవరో డెల్టా భూస్వామి కాదు. ముందుగా ఉండేది మన పిన్ని ఇల్లే.

"ఆదివాసి పుట్టుకతోనే ప్రకృతిని కాపాడతాడు" అని సభల్లో పొగుడుతుంటారు. నాకు ఆ పొగడ్త మీద నమ్మకం లేదు. మన పెద్దలు కూడా మంగకాయలు దంచి మడుగులో కలిపి, మత్తెక్కి తేలిన చేపలను ఏరుకున్నారు. అది కూడా నీటికి విషం కలపడమే. కానీ ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరు పడితే వాళ్లు కలిపేవాళ్లు కాదు. నీళ్లు తగ్గి మడుగులు విడిపోయాక, పెద్దలు రోజు చెబితే, ఊరంతా కలిసి దిగేవాళ్లు. దొరికింది పంచుకునేవాళ్లు. ఇవాళ కొన్ని చోట్ల అదే మడుగులో ఒకడు రాత్రిపూట బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాడు, పురుగుమందు పోస్తున్నాడు, తూటా పేలుస్తున్నాడు. పిల్ల చేపా పెద్ద చేపా అన్నీ పోతున్నాయి. చేసేవాడూ మనవాడే. నెత్తురు మారలేదు, కట్టుబాటు పోయింది. అందుకే కాపాడే గుణం మన పుట్టుకలో ఉందని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. అది కట్టుబాటులో ఉండేది. కొత్త పనికి కొత్త కట్టుబాటు మనమే వేసుకోవాలి.

అలాంటి కట్టుబాటు ఎలా ఉండవచ్చో, చేపల పనిలో అనుభవమున్నవాళ్లు చెప్పేదీ శాస్త్రం చెప్పేదీ కలిపి కొంత వివరంగా రాస్తాను. అన్నిటికంటే పెద్దది మేత. ముందు వేసిన లెక్కలో 2 టన్నుల మేత బదులు టన్నున్నరతో అదే చేప తీయగలిగితే, మిగిలే నత్రజని 64 కిలోల నుంచి సుమారు 41 కిలోలకు తగ్గుతుంది. ఇందులో నీతితో పాటు డబ్బు కూడా ఉంది, ఎందుకంటే పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతే. తవుడును రంధ్రాలు చేసిన బస్తాల్లో వేసి గుంజలకు వేలాడదీయడం మన రాష్ట్రంలో రైతులు కనిపెట్టుకున్న మంచి పద్ధతి. చేప వచ్చి కావలసినంత లాగి తింటుంది, నీళ్లలో వెదజల్లినట్టు వృథా కాదు. గంటల తర్వాత కూడా బస్తాలో మేత మిగిలి ఉంటే మర్నాడు తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు, చేప పైకి తేలిన రోజు మేత వేయకూడదు.

నీటి రంగు చూడడానికి పరికరం అక్కర్లేదు. చేయి మోచేతి దాకా ముంచినప్పుడు అరచేయి అప్పుడే కనుమరుగైతే నీళ్లలో సత్తువ సరిపడా ఉన్నట్టు. మణికట్టు మునిగేసరికే అరచేయి కనపడకపోతే ఎక్కువైనట్టు. అప్పుడు ఎరువు ఆపాలి. పిల్లలకు ఇది ఆటలా నేర్పవచ్చు. చెరువు గట్టు మీద బడి పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకంటే చౌకైన ప్రయోగశాల దొరకదు (గట్టు జారుతుంది, చిన్న పిల్లలను ఒంటరిగా దింపకండి).

కోళ్ల వ్యర్థాలు మేతగా వేయడం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పట్నంలో కోడి మాంసం దుకాణాల నుంచి పేగులు, తలలు డ్రమ్ముల్లో తెచ్చి పంగస్‌కు, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు వేస్తారు. చౌక, చేప త్వరగా పెరుగుతుంది. నీరు కుళ్లుతుంది, వాసన ఊరంతా కొడుతుంది. ఆ క్యాట్‌ఫిష్ వరదకు గట్టు దాటి వాగులో పడితే మన పరిగెలనూ కొర్రమీను పిల్లలనూ తినేస్తుంది. మన గూడేల్లో దీన్ని ఎవరైనా తెస్తే అది అతని సొంత వ్యాపారం అని వదిలేయడానికి లేదు. కొర్రమీను, బొచ్చె, శీలావతి, మోసు మనకు చాలు.

ఇక తూము. పట్టుబడికి చెరువంతా ఖాళీ చేయడం అలవాటు. కానీ లాగుడు వలతో రెండు మూడు సార్లు లాగితే చాలా చేప నీళ్లు ఉండగానే వస్తుంది. అదే నీటితో మళ్లీ పంట వేయవచ్చు. ఖాళీ చేయక తప్పకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పైనున్న నీరు కాస్త తేటగా పోతుంది, అడుగున మిగిలిన చివరి అయిదో వంతు నీళ్లలోనే బురద, మలం, సత్తువ ఎక్కువ. దాన్ని రెండు మూడు రోజులు కదలనివ్వకుండా ఆపి, పక్కన పల్లంగా తవ్విన గుంటలో పెట్టి, వరి మడికో అరటి తోటకో కొబ్బరి మొక్కలకో పారించాలి. మనం నష్టమనుకుని వాగులో వదిలే మూడు బస్తాల యూరియాలో కొంత పొలంలో పనికొస్తుంది. అడుగు బురదను ఎండాక తీసి చేలో వేసుకోవచ్చు. తూము నోరు వాగు వైపు కాకుండా పొలం వైపు తిప్పితే ఈ పనిలో సగం తీరుతుంది. గుంట తవ్వేముందే ఆ సంగతి ఆలోచించుకోవాలి. తవ్వాక మార్చడం కష్టం.

ఒక చిక్కును మాత్రం ఈ పద్ధతులేవీ విప్పలేవు. గుళికల మేతలో, ముఖ్యంగా రొయ్య మేతలో, సముద్రపు చిన్న చేపలను ఎండబెట్టి చేసిన పొడి కలుపుతారు. మన సంతల్లో ఎండు చేపలుగా అమ్ముడయ్యేది కూడా అలాంటి చిన్న చేపే. పేదవాడి కంచంలోకి రావలసిన చేప, ఖరీదైన చేపకు మేతగా పోతోంది. దానికి నా దగ్గర జవాబు లేదు. తవుడు, చెక్క తిని పెరిగే చేపనే పెంచితే మన చేతుల మీదుగా ఆ పని జరగదు, అంతవరకు చెప్పగలను.

కట్టుబాటు వేసే అధికారం మనకు ఎక్కడిది అని అడుగుతారు. ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. దాన్ని అందరూ చదువుతారు. అదే చట్టంలో అయిదో సెక్షన్‌ను తక్కువమంది చదువుతారు. అందులో గ్రామసభ తన చుట్టూ ఉన్న పరీవాహక ప్రాంతాలనూ నీటి వనరులనూ కాపాడేలా చూడాలని ఉంది. చేపను ఇచ్చిన చట్టమే నీటిని కూడా మన చేతిలో పెట్టింది. ఒకటి తీసుకుని రెండోది వదిలేస్తే ఆ హక్కును సగమే వాడుకున్నట్టు.

కొల్లేరు నేర్పిన పాఠం కూడా ఈ కట్టుబాటులో ఉండాలి. సబ్సిడీ మన పేరు మీద వస్తుంది, 60 శాతం. ఆ వెనకే మెట్ట నుంచో డెల్టా నుంచో పెట్టుబడిదారుడు వస్తాడు. "నీ పేరు, నా డబ్బు, ఏడాదికి ఇంత ఇస్తాను" అంటాడు. 1/70 చట్టం ఉన్నా మౌఖికంగా ఇచ్చే లీజులు ఎలా నడుస్తాయో మనకు తెలియనిది కాదు. అలా ఇచ్చిన గుంటలో ఏ మేత వేస్తారో, తూము ఎటు తెరుస్తారో చెప్పే మాట మనకు ఉండదు. గుంట నాదే అనుకుంటూ చివరికి దాని గట్టు మీద మనమే కావలి ఉంటాం. నీటికి జరిగే చెడుగూ, మనిషికి జరిగే చెడుగూ ఒకే తలుపులోంచి వస్తాయని నాకు అనిపించేది ఇక్కడే. ఎవరి ఇల్లు దిగువన లేదో, ఆ మనిషి చేతికి తూము వెళ్లకూడదు.

అందుకే గూడెంలో ఎవరైనా గుంటకు దరఖాస్తు పెడితే, సంతకం చేసేముందు గ్రామసభ ఒక పని చేస్తే బాగుంటుంది. గుంట తవ్వబోయే చోటు దగ్గర నిలబడి, అక్కడినుంచి నీళ్లు పోయే దారి వెంట దిగువకు నడవాలి. దరఖాస్తు పెట్టిన కుర్రాడు ముందు, పెద్దలు, ఆడవాళ్లు, టీచరు, పై తరగతి పిల్లలు వెనక. మొదటి చెలమ వచ్చేదాకా నడవాలి. అక్కడ ఎవరు నీళ్లు తోడుకుంటారో, పశువులు ఎక్కడ దిగుతాయో, ఏ మడుగులో చేపలు ఎండాకాలం దాకా నిలుస్తాయో చూసి రాసుకోవాలి. తూము ఎటు పెట్టాలో ఆ కాగితం చూసి నిర్ణయించాలి. ఈ నడకకు ఏప్రిల్ నెల మంచిది. అప్పటికి వాగు సన్నబడి ఉంటుంది, చెలమల పక్కన బిందెలు కనపడుతూ ఉంటాయి.